అన్నం పెట్టి, మాట బందు పెట్టి

ఉడికిన కోడిగుడ్డు పొట్టు తీస్తుంటే వచ్చే వాసన నాకు పడదు. పుట్టుకతో వచ్చిన రోగం కాదు, మూడేళ్ల నుంచే ఇది. పోనీ దూరంగా ఉందామంటే నేను అంగన్‌వాడీ టీచర్‌ని, పిల్లలకు రోజూ గుడ్డు పెట్టడమే నా కొలువు. ముక్కు బిగబట్టి పెడతాను. ఇంటికొచ్చి సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కుంటాను. "గుడ్ల టీచర్‌కే గుడ్డు పడదంట, ఎవలకన్న చెప్తే నవ్వుతరు" అని మా ఆయన ఎగతాళి చేస్తాడు. కారణం ఆయనకు తెలుసు. తెలిసీ నవ్వుతాడు, నవ్వకపోతే దాని గురించి మాట్లాడుకోవాల్సి వస్తుంది కదా.

ఇప్పుడు మేం బాన్సువాడలో కిరాయింట్లో ఉంటున్నాం. నా సెంటర్ మాత్రం పాత ఊళ్లోనే ఉంది. పొద్దున బీర్కూర్ బస్సెక్కితే మధ్యలో దిగుతాను. ఊరి పేరు రాయను. రాస్తే పాపమంతా ఆ ఒక్క ఊరికే అంటుకుంటుంది, పక్క ఊళ్లన్నీ మేం అట్లాంటోళ్లం కాదని చేతులు దులుపుకుంటాయి. ఆ సుఖం వాళ్లకెందుకివ్వాలి?

మేమింకా అక్కడున్నప్పుడు ఆ ఊళ్లో ఒక పిల్ల ఉండేది. అప్పటికి దానికి నాలుగేళ్లు నిండలేదు. దాని నోరు ఒక్క క్షణం మూతపడితే ఒట్టు. సెంటర్ గడపలో కాలు పెడుతూనే "టీచరమ్మ, గియ్యాల నీ చీర మంచిగ లేదు" అనేది. ఆయా పప్పులో ఉప్పు వేయడం మరిచిపోతే మొదట కనిపెట్టేది అదే. పాట నేర్పితే పాట మధ్యలో ఆపి, "కాకి గట్లనదు టీచరమ్మ, నాకు తెలుసు" అని నాకే పాఠం చెప్పేది. దాని నోటికి జడిసి నేను పొద్దున్నే అద్దంలో ఒకటికి రెండుసార్లు చూసుకుని బయల్దేరిన రోజులున్నాయి.

తల్లిదండ్రులిద్దరూ పొలానికి పోయేవాళ్లు. కొద్దిపాటి వరి, అంచున కొంచెం చెరకు. ఇంట్లో ముసలివాళ్లు లేరు. అయినా పిల్లకు ఏ లోటూ లేదు, ఎందుకంటే వాడకట్టంతా దానిదే. పొద్దున ఎదురింటి అవ్వ జడ వేసేది. సెంటర్ విడిచాక మూలమలుపు ఇంట్లో పెద్దమ్మ అని పిలుచుకునే ఆవిడ మంచం మీద అది నిద్రపోయేది. లేచాక ఇంకో ఇంట్లో చాయ్‌లో బిస్కెట్ ముంచుకుని తినేది. పొద్దుగూకి తల్లి వచ్చేసరికి ఎవరింట్లో ఉందో వెతుక్కోవాల్సిందే. తల్లి నాలుగిళ్ల ముందు నిలబడి "నా బిడ్డ ఉన్నదా?" అని అడిగేది. "ఏ బిడ్డ, నీదా మాదా?" అని వాళ్లు నవ్వేవాళ్లు. పిల్లలను పెంచడం గురించి నాకు ఎన్నో ట్రైనింగులిచ్చారు. ఈ వాడకట్టు చేసిన పని ఏ ట్రైనింగులోనూ ఎవరూ చెప్పలేదు.

ఇక ఊరి కమిటీ సంగతి చెప్పాలి. మా వైపు ఊళ్లలో కమిటీ మాట అంటే మాటే. గుడి పని, బాట పని, జాతర పని, అన్నీ వాళ్లవే. మంచి పనులు చేయలేదని అనను. వరికోతలప్పుడు ఏ కోత మిషన్ ఊళ్లోకి రావాలో, ఎవరి పొలం ముందు, ఎవరిది తర్వాతో అదీ వాళ్లే తేలుస్తారు. కమిటీ పిలిచిన మిషన్ తప్ప ఇంకొకటి ఊరి పొలిమేర దాటకూడదు. ఆ కమిటీకి పెద్ద మా ఆయన పెద్దన్న. నాకు బావ. చల్లగా మాట్లాడతాడు, తెల్లబట్టలు కడతాడు, ఏ పిల్ల కనబడ్డా జేబులోంచి చాక్లెట్ తీసిస్తాడు. పెళ్లై వచ్చినప్పటి నుంచి ఆయన ముందు నేను తలెత్తి మాట్లాడింది లేదు.

ఆ కార్తీకంలో మబ్బులు కమ్మాయి. కోతకొచ్చిన వరి పొలాల్లో ఉంది, కమిటీ మిషన్ ఊరికి ఆ కొసన ఉంది. పిల్ల తండ్రి వంతు ఎక్కడో చివర. రెండు రోజులు ఎదురుచూశాడు. మూడో రోజు చినుకులు మొదలయ్యేసరికి ఉండబట్టలేక నస్రుల్లాబాద్ వైపు నుంచి వేరే మిషన్ తెచ్చుకుని చేను కోయించుకున్నాడు. వడ్లు తడవకుండా కల్లానికి చేరాయి. ఆయన చేసిన నేరం అంతే. వాన ముందు తన పంట దక్కించుకున్నాడు.

మర్నాడు పొద్దున మైకులో చెప్పారు. ఎప్పుడూ భక్తి పాటలు వచ్చే మైకే అది. ఫలానా ఇంటితో ఊళ్లో ఎవరూ మాట్లాడొద్దు, ఇచ్చిపుచ్చుకోవద్దు, కూలికి పోవద్దు, మాట్లాడినోళ్లకు జుర్మానా. మా వైపు దీన్నే బందు పెట్టడం అంటారు. కరెంటు బందు, నీళ్లు బందు అన్నంత తేలిగ్గా మనుషుల్ని కూడా బందు పెడతారు. ఆ మైకు కింద నిలబడి విన్నవాళ్లలో ఒక్కరు కూడా "ఎందుకు?" అనలేదు. నేనూ అనలేదు.

ఆ రోజు పిల్ల ఎప్పటిలాగే వచ్చింది. తల్లి గేటు దాకా వచ్చి, ముఖం చూపించకుండా వెనుదిరిగింది. మిగతా పిల్లలకు ఇళ్లల్లో చెప్పి పంపించినట్టున్నారు. దాని పక్కన కూర్చున్న ఇద్దరూ లేచి అవతలికి జరిగారు. పిల్ల వాళ్ల వెంటే జరిగింది. వాళ్లు మళ్లీ జరిగారు. ఆయా గరిటె పట్టుకుని నా ముఖం చూసింది, ఏం చేయమంటావన్నట్టు. సరిగ్గా అప్పుడే బావ గేటు ముందు స్కూటర్ ఆపాడు.

"ఏమమ్మ, గా పిల్ల వచ్చిందా?" అన్నాడు.

"వచ్చింది బావా."

"అన్నం పెట్టుండ్రి, గుడ్డు పెట్టుండ్రి. ఎవలొద్దన్నరు? పసిపిల్ల కడుపు మీద కొడ్తమా? మేం మనుషులం కాదా ఏంది? మాట్లాడకుండ్రి, గంతే."

ఆ మాట విని నాకేమనిపించిందో నిజం చెప్పాలి. హమ్మయ్య అనిపించింది. పిల్లకు అన్నం ఆగదు, నా కొలువుకు ఇబ్బంది లేదు, ఇంట్లో గొడవ లేదు. బావ ఎంత మంచోడు అని కూడా అనుకున్నాను. ఛీ! ఇప్పుడు తలుచుకుంటే నా ముఖం మీద నేనే ఉమ్ముకోవాలనిపిస్తుంది.

ఆ రోజు నుంచి దాని ప్లేటులో అన్నం, పప్పు, గుడ్డు పెట్టి నోరు మూసుకుని పక్కకొచ్చేసేదాన్ని. ఆయా కూడా అంతే. "టీచరమ్మ, నాకు పప్పు" అంటే పప్పు వేసేదాన్ని. "టీచరమ్మ, నాకు పాట రాదా?" అని అడిగితే వినబడనట్టు వేరే పిల్ల వైపు తిరిగేదాన్ని. మొదటి రెండు రోజులు అది నా కొంగు పట్టుకుని గుంజింది. నా ముఖం తనవైపు తిప్పుకోవడానికి గడ్డం పట్టుకుంది. ఆ వేళ్లను మెల్లగా విడిపించుకున్నాను. గట్టిగా కాదు, మెల్లగానే. అంత జాగ్రత్తగా చేశాను ఆ దరిద్రపు పని.

సెంటర్ విడిచాక అది ఎప్పటిలాగే ఇళ్ల మీదికి పోయింది. పెద్దమ్మ అని పిలుచుకునే ఆవిడ దాన్ని చూసి తలుపు వేసుకుంది. పిల్లకు అది దాగుడుమూతల్లా అనిపించింది. తలుపు మీద చిన్న చేత్తో కొడుతూ "దొరికినవ్, దొరికినవ్" అని కిలకిలా నవ్వింది. లోపల్నుంచి సప్పుడు లేదు. నేను అరుగు మీద నిలబడి చూస్తూనే ఉన్నాను. ఎంతసేపు కొట్టిందో. ఆఖరికి ఎదురింటి అవ్వ, దానికి రోజూ జడ వేసే అవ్వ, తలుపు సందులోంచి గుసగుసగా చెప్పింది. "పో బిడ్డ, ఇంటికి పో. నీతోని మాట్లాడితే మాకు జుర్మాన పడ్తది." ఆ మాట అన్నాక అవ్వ లోపల ఏడ్చిందని తర్వాత ఎవరో చెప్పారు. ఏడవనీ! తలుపు తీయలేని ఏడుపు ఆ పిల్లకెందుకు?

నెలనెలా పిల్లల తూకం చూసి పుస్తకంలో రాయడం నా పని. మొదటి నెల ఆ పిల్ల తూకం పెరగలేదు. రెండో నెల అరకిలో తగ్గింది. రోజూ గుడ్డు పెడుతున్నాను, పాలు పోస్తున్నాను, బాలామృతం పొడి ఇంటికి పంపుతున్నాను. మిగతా పిల్లలు తిన్నదే అదీ తింటోంది. కాదు, తింటోందనుకున్నాను. గుడ్డు తెల్లసొన కొరికి, పచ్చసొన చేతిలో పిసుక్కుంటూ కూర్చునేది. పక్కన కబుర్లు చెప్పేవాళ్లు లేకపోతే నాలుగేళ్ల పిల్లకు ముద్ద దిగదని ఇన్నేళ్ల కొలువులో నాకు తెలియకుండా పోయిందా? తెలుసు. పుస్తకంలో తూకం తగ్గడానికి కారణం రాయాలి. కాసేపు పెన్ను పట్టుకుని కూర్చుని, జ్వరం అని రాశాను. దానికి ఒక్కరోజూ జ్వరం రాలేదు.

మూడో నెలకు దాని మాట పూర్తిగా పడిపోయింది. అడగడం మానేసింది. ఎవరి వెంటా జరగడం మానేసింది. ఒకరోజు నేను లోపల పప్పు కడుగుతుంటే వాకిట్లో పిల్లలు కొత్త ఆట ఆడుతున్నారు. ఒకర్ని మధ్యలో నిలబెట్టి, మిగతావాళ్లు నోటి మీద వేలు పెట్టుకుని చుట్టూ తిరుగుతున్నారు. మధ్యలో ఉన్నవాళ్లు ఏమడిగినా పలకకూడదు. ఎవరు పలికితే వాళ్లు ఓడినట్టు. ఆటకు పేరేంటని అడిగితే "బందు ఆట టీచరమ్మ" అన్నారు. మధ్యలో నిలబడ్డది ఆ పిల్లే. దాన్ని ఎవరూ బలవంతంగా నిలబెట్టలేదు, తానే పోయి నిలబడిందట. అక్కడైతే కనీసం తన చుట్టూ తిరుగుతారు కదా.

నాకు ఒళ్లు మండిపోయింది. బెత్తం పట్టుకుని వాకిట్లోకి ఉరికాను. "ఎవలు నేర్పిన్రే మీకు గీ పాడు ఆట?" అని అరిచాను. పిల్లలు బిక్కచచ్చి నా ముఖం చూశారు. వాళ్లు చెప్పాల్సిన పని కూడా లేదు, రోజూ మధ్యాహ్నం వాళ్ల కళ్ల ముందే ఆ ఆట ఆడి చూపించింది నేనే.

ఆ వారంలోనే మీటింగు ఉండి బాన్సువాడ వచ్చాను. తిరుగు బస్సు కోసం బస్టాండుకు వస్తే ఆ తల్లీబిడ్డలు బల్ల మీద కూర్చుని ఉన్నారు. తల్లి చేతిలో దవాఖాన కాగితాలు. నన్ను చూసి లేవబోయి, చుట్టూ ఒకసారి చూసింది.

"అక్కా, ఊరోళ్లు ఎవలన్న ఉన్నరా?" అని అడిగింది.

"ఎవలు లేరు. కూసో" అన్నాను. మూడు నెలల తర్వాత మా ఇద్దరి మధ్య అదే మొదటి మాట. ఏమైందని అడిగాను.

"బిడ్డ ఉలుకుతలేదు, పలుకుతలేదు అక్కా. ఇంట్ల నాతోని గూడ మాట్లాడుతలేదు. గందుకే డాక్టర్‌కు చూపిచ్చిన. చెవులు మంచిగున్నయంటడు, గొంతు మంచిగున్నదంటడు. తోటి పిల్లలతోని ఆడుకుంటదా, చుట్టుపక్కలోళ్లు పలకరిస్తరా అని అడిగిండు. ఏం చెప్పాలె అక్కా నేను?"

పిల్ల ముందు మోకాళ్ల మీద కూర్చుని, బండి మీద కొన్న బత్తాయి చేతిలో పెట్టబోతూ "బిడ్డా, నా చీర మంచిగున్నదా?" అని అడిగాను. అది నన్ను చూసి బెదిరిపోయింది. పలకని మనిషి ఉన్నట్టుండి పలికితే బెదరదా? తల్లి చంకలో ముఖం దాచుకుంది. బత్తాయి కింద పడి దొర్లిపోయింది.

అంతలో మా ఊరి మనిషి ఒకడు సంచి పట్టుకుని బస్టాండులోకి వచ్చాడు. అప్పుడు నేనేం చేశానో తెలుసా? లేచి నాలుగడుగులు అవతలికి పోయి, బస్సుల బోర్డు చదువుతున్నట్టు నిలబడ్డాను. తల్లి కూడా ముఖం అటు తిప్పుకుంది. ఒకరికొకరం ఏమీ చెప్పుకోలేదు, ఇద్దరికీ అంత అలవాటైపోయింది. బస్సులో నేను ముందు సీట్లో, వాళ్లు వెనక సీట్లో. దిగాక ఇంటికి పోయి వాంతి చేసుకున్నాను. అత్తమ్మ బస్సు పడలేదంది.

ఆ సాయంత్రం బావ మా ఇంటికి భోజనానికొచ్చాడు. వడ్డిస్తూ వడ్డిస్తూ గిన్నె కింద పెట్టి చెప్పేశాను. "బావా, గా పిల్ల మాట బందయింది. తూకం తగ్గుతుంది. డాక్టర్ దగ్గరికి తీస్కపోయిన్రు."

మా ఆయన నా వైపు కళ్లెర్రజేశాడు. బావ మాత్రం చల్లగానే ఉన్నాడు. "అన్నం పెడ్తనే ఉన్నవ్ కదమ్మ. ఇగ ఏం ఫికర్? చిన్నపిల్లలు, వారం రోజులల్ల అన్నీ మర్చిపోతరు. వాళ్ల బాపును వచ్చి తప్పయిందనుమను, గప్పుడే తీసేస్తం. ఊరన్నంక ఒక కట్టుబాటు ఉండాలె" అన్నాడు. అని, చారు వేయమని ప్లేటు ముందుకు జరిపాడు. నేను వేశాను.

పిల్ల తండ్రి మర్నాడే చావడికి పోయాడు. నేను చెప్పానని కాదు, డాక్టర్ అడిగిన మాట ఆయన భార్య ఇంట్లో చెప్పింది కాబట్టి. భుజం మీది తువ్వాల తీసి నేల మీద పరిచి, అందరి ముందు వంగి "తప్పయింది" అన్నాడు. తడవకుండా వడ్లు దక్కించుకున్న మనిషి, కన్నబిడ్డ మాట కోసం లేని తప్పు ఒప్పుకున్నాడు. కమిటీ వాళ్లు పాన్ నములుతూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని తలూపారు. ఎంత పెద్దమనసో! ఆ ఎర్రటి నోళ్లు చూస్తే నాకు ఇప్పటికీ ఓకరింత వస్తుంది.

మైకులో మళ్లీ చెప్పారు, ఫలానా ఇంటికి బందు తీసేశామని. అప్పుడు చూడాలి ఊరి ప్రేమ! మూడు నెలలు తలుపులు బిగించుకున్న ఆడవాళ్లు గిన్నెల్లో పాయసం, అప్పాలు పట్టుకుని వాళ్లింటి ముందు బారులు తీరారు. "దా బిడ్డ, దా నా బంగారం" అని చేతులు చాపారు. పెద్దమ్మ ఏకంగా దాన్ని ఎత్తుకుని బుగ్గలు ముద్దాడింది. పిల్ల కర్రలా బిగుసుకుపోయి ఉంది. బావ వచ్చి చాక్లెట్ ఇచ్చాడు. అది తీసుకుంది. "చూసినవా అమ్మా, నేను చెప్పలే? గప్పుడే మర్చిపోయింది" అని నా వైపు తిరిగి నవ్వాడు. తీసుకున్న చాక్లెట్‌ను అది పిడికిట్లో బిగించి పట్టుకోవడం తప్ప విప్పలేదని ఆయన చూడలేదు.

మర్నాడు సెంటర్‌లో గుడ్లు నేనే పొట్టు తీశాను. దాని ప్లేటు దాని ముందు పెట్టి, పక్కనే నేల మీద కూర్చున్నాను. ఏళ్ల తరబడి పిల్లలతో వాగడమే నా పని, అయినా ఆ రోజు ఎట్లా మొదలుపెట్టాలో తెలియలేదు. దాన్ని ఒళ్లోకి తీసుకున్నాను. కాదనలేదు. గుడ్డు తుంచి చేతికిచ్చాను, ఎప్పటిలాగే పచ్చసొన పిసుకుతోంది. "బిడ్డా, గిటు చూడు. టీచరమ్మ తప్పు చేసింది. ఇగ రోజూ నీతోని మాట్లాడ్త..." అన్నాను.

మాట పూర్తి కాకముందే అది ఒక్కసారిగా తిరిగి, పచ్చసొన అంటిన అరచేత్తో నా నోరు గట్టిగా మూసేసింది. గేటు వైపు చూసింది. ఎవరూ లేరు. అప్పుడు నా చెవి దగ్గరికి వంగి, మాట పడిపోయాక నాతో మొదటిసారి మాట్లాడింది.

"సప్పుడు చెయ్యకు టీచరమ్మ. నీకు జుర్మాన పడ్తది."

ఆ చిన్న చెయ్యి చాలాసేపు నా నోటి మీద అట్లాగే ఉంది. అంతా గుడ్డు వాసన.